ఇరవై మూడు కట్టలు

ముందుగా కొండెక్కింది నేనే.
చెబితే బరువు దిగుతుందని కాదు,
పుస్తకంలో నా పేరుకెదురుగా ఆ అంకె
ఇంకా అలాగే ఉంది కనుక.

కంది కొత్త కాకుండా కందికాయ నోట పెట్టం.
మామిడి కొత్త కాకుండా టెంక కొరకం.
చీపురుకి కొత్తేటి, తిండి కాదు కదా అని
పెద్దలు ఒగ్గేశారు.
ఒగ్గేసిన సందులోంచే
షావుకారి వ్యాను వచ్చింది మందస నుంచి.
"కోస్తూ కూర్చుంటే ఎప్పటికవుద్ది? పీకేయండి" అన్నాడు.

పీకాం.
మూడేళ్లు పీకాం.
నాలుగో ఏడు వానకి
వాలు మీది ఎర్రమట్టి మళ్లలోకి దిగింది,
గెడ్డలోకి దిగింది,
గెడ్డ నుంచి మా బిందెల్లోకి.
లక్కాయి పెద్దమ్మ చెంబు వంచి చూపింది:
"ఇది నీరు కాదే. కొండ.
కొండని తాగేస్తన్నాం."

ఆ రాత్రి ముప్ఫై ఒక్క ఇళ్ల ఆడవాళ్లం
జీడితోటలో దీపం పెట్టుకుని కూర్చున్నాం.
కంది కొత్త మర్నాడు డప్పు మోగాకే చీపురు.
కొడవలితోనే కోత.
మొదట్లో బెత్తెడు దుబ్బు మిగలాలి.
కట్టకి రూపాయి పెట్టెలో పడాలి.
ఎనిమిదో తరగతి దాకా చదివింది నేనొక్కదాన్నే,
రాసింది నేను.
తప్పిందీ నేనే.

ఆ పుష్యంలో మా చిన్నాడికి చలిజ్వరం.
టెక్కలి దాకా ఆటో, రక్తపరీక్ష, సూదులు.
పెట్టెలో డబ్బుంది,
తాళంచెవి నా కొంగునే ఉంది.
లెక్క రాసే మనిషి అప్పడగకూడదని
ఎవరూ అనలేదు.
నాకు నేనే అనుకున్నాను.

కోడి కూయకముందే ఎక్కాను.
కొడవలి చప్పుడవుతుందని
ఉత్తచేతుల్తో పీకాను, మంచులో తడిసిన గడ్డిని,
కంకి ఇంకా పచ్చిగా ఉన్నదాన్ని.
వేరు తెగేటప్పుడు చిన్న చప్పుడు.
పిల్లాడు చను వదిలినట్టు.
ఇరవై మూడు కట్టలు.

పిల్లాడు బతికాడు.
మూడోనాడు ఊరంతా కొండ మీది బోడి చూసింది.
నా వైపు ఎవరూ చూడలేదు.
అందుకే నోరు విప్పాను.

తిట్టారు. ఎందుకు తిట్టరు?
మా ఆడపడుచు గయ్యారి నేల మీద ఉమ్మింది కూడా.
తప్పు కట్టమంటారనుకుని
వెండి కడియం తీసి పట్టుకున్నాను.
పెద్దమ్మ కడియం వెనక్కి తోసింది.
"డబ్బు కడితే అయిపోద్ది. అవకూడదు.
ఆ బోడి నీది.
పాతు. బతికిందీ రాయి, సచ్చిందీ రాయి."

తొలకరికి తొంభై పిలకలు పాతాను.
పదకొండు బతికాయి. రెండు అడవిపంది పాలు.
రెండో ఏటికి ముప్ఫై నాలుగు.
ఆ పేజీలో కొట్టివేతలే ఎక్కువ.
ఇప్పుడు కట్టలు మేమే కట్టి సంతకి దించుతున్నాం.
ధర గొప్పగా ఏం పెరగలేదు,
తూకంలో మోసం తగ్గింది, అంతే.
గెడ్డ మొదటి వానకి ఇంకా ఎర్రగానే వస్తుంది.
రెండో వానకి తేరుకుంటుంది.
మునుపు నాలుగో వాన దాకా పట్టేది.

నిన్న తెల్లారి, కొత్తకి పన్నెండు రోజులుండగా,
వాలు మీద తడి మట్టిలో అడుగులు.
మడమ ఆనని అడుగులు,
మునివేళ్ల మీదే నడిచినవి.
ఆ నడక నాకు తెలుసు.
దిగినదారి సుక్కు గుడిసె దాకా ఉంది.
మొగుడు బరంపురం పనికెళ్లి
రెండు నెలలైంది, ఫోను మోగడం లేదు.

పెద్దమ్మకి చెప్పలేదు.
పెట్టె నెత్తిన పెట్టుకుని,
పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లాను.
ఆమె గుమ్మంలోనే నిలబడింది,
చేతులు వెనక్కి దాచుకుని.
ఆ గోళ్లలో మట్టి నేను చూడనట్టే ఉన్నాను.

"బరువుగా ఉందే సుక్కూ" అన్నాను,
"ఓ కొస పట్టు."